సాంబయ్య నేర్పిన సైకిలు

"కింద సూడకు, ముంగట సూడు. తొక్కు," అంటూ సాంబయ్య సైకిలు క్యారియర్ పట్టుకుని పరుగెత్తుతున్నాడు.

బస్తీలో నేర్పితే అందరూ నవ్వుతారని, మిల్లు సెలవునాడు టెంపోలో సైకిలు వేసుకుని భార్య భూదేవితో ఊరి బయట సముద్రం దగ్గరున్న డుమస్ దాకా వచ్చాడు. బురద నేలల మధ్య రోడ్డు మీద కొంగలు తప్ప ఎవరూ లేరు.

"ఇడువకయ్యా," అంది భూదేవి.

తిరిగి చూస్తే సాంబయ్య ఎక్కడో వెనక, కొంగంత కనిపించాడు. భూదేవికి నవ్వు ఆగలేదు. ఆ నవ్వుతోనే పెద్ద చుట్టు తిప్పుకుని వచ్చి అతని ముందు దూకింది.

"ఇగ నువ్వు తొక్కు. నేను ఎనక కూసుంట."

సాంబయ్య హ్యాండిల్ పట్టుకున్నాడు గానీ ఎక్కలేదు.

"ఏందయ్యా?"

"నాకు రాదు."

నాలుగేళ్లుగా అతను రోజూ టిఫిన్ డబ్బా తగిలించి, ఇదే సైకిలు తోసుకుంటూ పాండేసరలోని మిల్లుకు వెళ్తున్నాడు. గల్లీ ఇరుకు కదా, రోడ్డు మీదికి పోయాక ఎక్కుతాడని ఆమె అనుకునేది.

"మరి నాకెట్ల నేర్పినవ్?"

"మందిని సూసి. రోజూ నా పక్కపొంటే పోతరు గద."

భూదేవి చీర కొంగు నడుముకు బిగించి, క్యారియర్ పట్టుకుంది.

"ఎక్కు. కింద సూడకు, ముంగట సూడు."