ఆగని చప్పట్లు

చప్పట్లు ఆగడం లేదు.

లుబ్లిన్ నగరంలోని ఆ చిన్న థియేటర్లో ఒక్క కుర్చీ కూడా ఖాళీ లేదు. కొత్త నాటకం, మొదటి ప్రదర్శన. స్టేజి మీద రాజు వేషంలో క్సావెరి ఒక్కడే నిలబడి ఉన్నాడు. అతను నోరు తెరిచిన ప్రతిసారీ హాలు మరింత గట్టిగా చప్పట్లు కొడుతోంది. ఈలలు లేవు, కేకలు లేవు. ఒక్కరి ముఖంలోనూ నవ్వు లేదు.

ఈల వేస్తే పోలీసులు పట్టుకుపోతారు. చప్పట్లు కొడితే ఎవరిని పట్టుకుంటారు? సైనిక పాలన వచ్చిన ఆ చలికాలంలో నటులంతా సర్కారు టీవీని బహిష్కరించారు. మాట తప్పి టీవీలో కనిపించిన నటుడికి జనం వేసే శిక్ష ఇది. ఒక్క మాటా చెప్పనివ్వరు. స్టేజి దిగిపోయేదాకా చప్పట్లు కొడుతూనే ఉంటారు.

"తెర దించండి" అంటూ దర్శకుడు లుడోమిర్ స్టేజి వెనక్కి పరుగెత్తుకొచ్చాడు.

తెర పడింది. వెనక నటీనటులందరూ ఒకేసారి అరుస్తున్నారు.

"వాడికి వేషం ఇవ్వొద్దని మేం ముందే మొత్తుకున్నాం!"

"టీవీలో పిల్లలకి కథలు చెప్పుకోమనండి. అక్కడైతే ఎవరూ చప్పట్లు కొట్టరు!"

లుడోమిర్ రెండుసార్లు చేతులు చరిచాడు. రిహార్సల్లో తప్పు దొర్లినప్పటిలాగే అందరూ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు.

"ఇళ్లకు వెళ్లండి. కర్ఫ్యూ టైమవుతోంది" అన్నాడు.

క్సావెరి టీవీలో ఎందుకు కనిపించాడో ఆ గుంపులో లుడోమిర్‌కు ఒక్కడికే తెలుసు. నిర్బంధంలో ఉన్న కూతుర్ని వదలాలంటే ఒక ఆదివారం పిల్లల కథ చదవమన్నారు. చదివాడు. అమ్మాయి ఇంటికొచ్చింది. ఆ సంగతి ఎవరికీ చెప్పొద్దని క్సావెరే ఒట్టు వేయించుకున్నాడు.

లుడోమిర్ మేకప్ గదిలోకి వెళ్లేసరికి అక్కడ యూనిఫాంలో ఒక కెప్టెన్ కూర్చుని ఉన్నాడు. గాజు గ్లాసులో టీ కూడా పోయించుకున్నాడు.

"హాలంతా చప్పట్లు కొట్టింది, చూశాను" అన్నాడు కెప్టెన్. "హాలు మొత్తాన్ని జైల్లో పెట్టలేను కదా డైరెక్టర్ గారూ! మొదలుపెట్టిన వాడొక్కడు చాలు. పేరు చెప్పండి."

"చీకట్లో ఎలా తెలుస్తుంది?"

"చెప్పకపోతే రేపు తలుపులకి తాళం పడుతుంది."

లుడోమిర్‌కు కోపం రాలేదు. భయమూ వెయ్యలేదు. మంచులో మొద్దుబారిన వేళ్లలాగా లోపలంతా మొద్దుబారిపోయింది. యుద్ధంలో తగలబడిన సినిమా హాలు ఇది. ఇటుక ఇటుకా ఏరి థియేటరు చేశాడు. పెళ్లి చేసుకోలేదు, వేరే ఊరు వెళ్లలేదు. ఈ గోడలు తప్ప అతనికి మరో బతుకు లేదు.

"మీరెక్కడున్నారు అప్పుడు?" అడిగాడు కెప్టెన్.

"చివరి వరస వెనక. మొదటి ప్రదర్శనకి నేను కూర్చోలేను."

"ఏం చూశారు?"

"రాజు కుడి వైపు నుంచి రావాలి. ఎడమ నుంచి వచ్చాడు. నాకు ఒళ్లు మండింది. వెంటనే చప్పట్లు మొదలయ్యాయి."

"ఎక్కడ?"

"వెనకే. నాకు బాగా దగ్గర్లో."

"అక్కడ ఇంకెవరున్నారు?"

లుడోమిర్ గుర్తు చేసుకున్నాడు. చివరి వరస వెనక ఉన్నది లైట్ల గది ఒక్కటే. దాని తలుపు తెరిచే ఉంటుంది. క్సావెరి టీవీలో కనిపించిన రోజు నుంచి లైట్లు చూసే హిపొలిత్ అతనితో మాటలు మానేశాడు.

"హిపొలిత్" అన్నాడు.

ఇద్దరు సిపాయిలు హిపొలిత్‌ను కారిడార్లోంచి నడిపించుకుపోయారు. గుమ్మం దగ్గర అతను ఒక్క క్షణం ఆగాడు.

"నేను కాదు డైరెక్టర్ గారూ. కొడితే కొట్టానని చెప్పేవాణ్ణి. మీకు తెలీదా?"

లుడోమిర్ నేల వైపు చూశాడు. బయట నీలం వ్యాను తలుపు మూసిన చప్పుడైంది. కెప్టెన్ టీ పూర్తిగా తాగి, గ్లాసు బల్ల మీద పెట్టి, టోపీ సర్దుకుని వెళ్లిపోయాడు.

అతను వెళ్లాక క్సావెరి లోపలికొచ్చి అద్దం ముందు కూర్చున్నాడు. గదిలో ఇద్దరే. ముప్ఫై ఏళ్ల స్నేహితులు. క్సావెరి దూదితో ముఖం మీది రంగు తుడుచుకుంటున్నాడు.

"ఎడమ వైపు నుంచి ఎందుకొచ్చావురా?" అడిగాడు లుడోమిర్.

"కుడి వైపు మనవాళ్లంతా నాకు వీపు చూపించి నిలబడ్డారు. దారివ్వలేదు."

"పోనీలే. రేపటికి తలుపులైతే తెరిచుంటాయి."

"హిపొలిత్ పేరు చెప్పావటగా?"

"వాడే కదా!"

"నేను స్టేజి మీదకి వచ్చేటప్పుడు లైటు ఎలా పెరగాలి?"

"మెల్లగా. రెండు పిడులూ కలిపి తిప్పాలి."

"ఇవాళ పెరగలేదా?"

"పెరిగింది. ఎక్కడా వణకలేదు కూడా."

అన్నాడు లుడోమిర్.

"మరి వాడికి చప్పట్లు కొట్టడానికి చేతులెక్కడివిరా?"

లుడోమిర్ కుర్చీలో కూర్చున్నాడు. "అయితే ఎవరు? నీకు కనిపించారా?"

"లైట్లు కళ్లలో పడుతుంటే ఏం కనిపిస్తుంది? ఇందాక నన్నడిగితే కెప్టెనుకీ అదే చెప్పాను." క్సావెరి దూది పక్కన పెట్టాడు. "వినిపించింది. మొదట రెండే చప్పట్లు. వినగానే నా కాళ్లు ఆగిపోయాయి, ఎప్పటిలాగే. ఎవరు మొదలుపెడతారా అని కాచుకున్న హాలు, దాన్ని అందుకుంది."

"ఎప్పటిలాగే అంటే? ఎవరో చెప్పు. ఇప్పుడే పరుగెత్తి కెప్టెన్‌ని ఆపుతాను."

క్సావెరి అతని చేతుల వంక చూశాడు.

"నువ్వేరా, లుడోమిర్."