ఆవిడ లేవకపోతే చాలు

“లేచిందా?”

“లేవలేదండీ. కళ్ళజోడు తుడుచుకుంటోంది, అంతే.”

దర్శకుడు గుండె మీద చెయ్యి వేసుకుని మళ్ళీ కుర్చీలో కూలబడ్డాడు.

పక్కగదిలో రిటైరైన నర్సమ్మ ఒకావిడ కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. వయసు అరవై ఎనిమిది. పుట్టి బుద్ధెరిగాక ఒక్క వీడియో గేమ్ ఆడిన మనిషి కాదు. ఆవిడ రెండు గంటలపాటు కుర్చీలోంచి లేవకుండా ఉంటే ఆట బతుకుతుంది. ముందే లేచిందా, నాలుగు వందల మంది ఏడేళ్ళు రెక్కలు ముక్కలు చేసుకుని తీసిన ఆట ఈ రోజుతో సరి. ఆ నాలుగు వందల మందీ ఇళ్ళకి. అందరికంటే ముందు దర్శకుడు.

ఈ పరీక్ష పెట్టింది ఛైర్మన్ మేడమ్. “ఆడేవాళ్ళకి ఎవరి ఆట వాళ్ళకుంది. ఇంత ఖర్చు పెట్టి తీసే ఆటలు ఇకమీద నిలబడాలంటే, ఎన్నడూ ఆడనివాళ్ళు వచ్చి ఆడాలి. అలాంటి ఒక్క మనిషిని రెండు గంటలు కూర్చోబెట్టి చూపించండి. పోయినసారిలా పక్కన నిలబడి ‘ఎడమకి తిరగండి, కుడికి దూకండి’ అని అందిస్తే మాత్రం ఊరుకోను,” అంది.

అందుకే తీసినవాళ్ళెవరికీ ఆ గదిలోకి ప్రవేశం లేదు. మేడమ్ గారి డ్రైవర్ వెళ్ళి, చెప్పిన మీట నొక్కి, మౌస్ నర్సమ్మ చేతికిచ్చి, తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. వీళ్ళకి కెమెరాలో కనిపించేది ఆవిడ మొహం, మైకులో వినిపించేది ఆవిడ గొంతు. ఆట ఏం జరుగుతోందో ఊహించుకోవాల్సిందే.

ఆట అంటే అలాంటిలాంటి ఆట కాదు. ఇరవై రెండు నగరాలు, తొమ్మిది యుద్ధాలు. గుర్రం తోకలో వెంట్రుక వెంట్రుకా విడివిడిగా ఊగుతుంది. ఆ తోక ఒక్కదానికే ఏడాదిన్నర పట్టింది మరి! దీని బరువు మోసే కంప్యూటర్ బయట దొరక్క కొత్తది చేయించారు.

పది నిమిషాలైంది. నర్సమ్మ చేతులు కట్టుకుని కూర్చుంది. మొహంలో ఏ మార్పూ లేదు.

“అయిపోయింది మన పని,” అన్నాడు బొమ్మలాయన. ఆటలో చెట్టూ చేమా, కోటా పేటా అన్నీ ఆయన చేతి చలవే.

“నీ నోట ఒక్క మంచి మాట రాదా?” అని కసిరింది కథ రాసిన రచయిత్రి.

సరిగ్గా అప్పుడే మైకులోంచి నర్సమ్మ గొంతు వినిపించింది.

“ఓయ్, ఎక్కడికిరా? అంత ఎత్తు ఎక్కకు, పడతావ్!”

ముగ్గురూ ఒక్కసారి ఎగిరిపడ్డారు.

“రాకుమారుడు కోటగోడ ఎక్కుతున్నాడు! నా మొదటి ఘట్టం!” అంది రచయిత్రి.

“ఆ గోడ నాది,” అన్నాడు బొమ్మలాయన.

“పడ్డావా? చెప్తే వినవుగా! లే, లే, ఏం కాలేదు,” అంటూ నర్సమ్మ కుర్చీ ముందుకు లాక్కుంది.

దర్శకుడికి పోయిన ప్రాణం లేచొచ్చింది. గంట దాటింది. ఆవిడ కదల్లేదు. గంటన్నరకి పకపకా నవ్వింది.

“అమ్మ దొంగా! నా కళ్ళుగప్పి వెనక దాక్కుంటావా?”

“మారువేషంలో వచ్చిన సేనాపతి!” రచయిత్రి టేబుల్ మీద గుద్దింది. “ఆ మలుపు ఎవరికీ ఎక్కదు, తీసెయ్యమని నా ప్రాణం తోడేశారు మీరు. చూశారా?”

“తప్పు నాదే తల్లీ,” అంటూ దర్శకుడు రెండు చేతులూ జోడించాడు.

రెండు గంటలు నిండబోతుండగా నర్సమ్మ గొంతు తగ్గించింది. “ఆడి ఆడి అలిసిపోయావ్. పడుకో నాన్నా, పడుకో,” అని చేతిరుమాలుతో కళ్ళొత్తుకుంది.

“ముసలి రాజు పోయాడు,” అంటూ రచయిత్రి కూడా ఏడ్చేసింది. ఆ ఘట్టం ఆవిడ పదకొండుసార్లు తిరగరాసింది.

గడువు దాటింది. నర్సమ్మ లేవలేదు. మూడో గంట కూడా గడిచింది. విషయం తెలిసి ఛైర్మన్ మేడమే దిగొచ్చింది. తెర మీద నర్సమ్మ మొహం కాసేపు చూసి, “ఈవిడకి ఇల్లూ వాకిలీ గుర్తుందా అసలు?” అని నవ్వింది. “ఓడిపోయాను బాబూ. విడుదల చేసేయండి. రెండో భాగం కూడా మొదలుపెట్టండి. ఇంకో రెండొందల మందిని తీసుకోండి, ఇంకో ముప్ఫై నగరాలు కలపండి. గుర్రాలు మాత్రం తగ్గించొద్దు!”

బొమ్మలాయన రచయిత్రిని గిరగిరా తిప్పేశాడు. దర్శకుడు పెళ్ళానికి ఫోన్ చేసి, “నీ మొగుడి ఉద్యోగం ఎక్కడికీ పోలేదోయ్!” అని అరిచాడు. అప్పుడు ముగ్గురూ కలిసి పక్కగది తలుపు తోశారు.

నర్సమ్మ వదల్లేక వదల్లేక కుర్చీ వదిలింది.

“ఎలా ఉందమ్మా?” అన్నాడు దర్శకుడు.

“బంగారంలా ఉంది బాబూ! ముఖ్యంగా ఆ పిల్లిపిల్ల. ఎంత ముద్దొచ్చిందో!”

దర్శకుడు రచయిత్రి వైపు చూశాడు. రచయిత్రి బొమ్మలాయన వైపు చూసింది.

“మన కథలో పిల్లి ఎక్కడుంది?” అని గొణిగింది.

“అడవిలో పులి ఉందిగా. పెద్దావిడ, చూపు ఆనలేదేమో,” అన్నాడాయన.

నర్సమ్మ సంచి భుజాన వేసుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. ఏదో అడగాలా వద్దా అని కాస్త మొహమాటపడింది.

“ఇంతకీ బాబూ, ఆ పిల్లి కింద ‘కాసేపు ఆగండి’ అని రాసుందే, ఆట ఎప్పుడు మొదలవుతుంది?”