పసుపుల పడ్డ బంతి

"అవ్వా, గిది గోల్ఫ్ ఆడే గడ్డి! గీడ పసుపు ఎండబోస్తరా?" డిజైనర్ మనీష్ నెత్తి పట్టుకున్నడు. శ్రీరాంసాగర్ ఒడ్డున రిసార్టు ఓపెనింగు ఇయ్యాల్నే. ఓనర్ బాబురావు గోల్ఫ్ కట్టె పట్టుకొని అటు దిక్కు నిలవడ్డడు.

లసుమవ్వ ఉడకబెట్టిన కొమ్ములు పరుచుడు ఆపలే. "మా మామ నాటి సంది గిదే మా కల్లం బిడ్డా. మీకు అమ్మింది పొలం. కల్లం అమ్మినమా?"

"బంతి వచ్చి గీ పసుపుల చిక్కుకుంటది!"

"మరి గా గుంతల ఇసుక ఎందుకు పోసిర్రు?"

"బంతి చిక్కుకోవాలనే."

"మీ ఇసుకల చిక్కితే ఆట, నా పసుపుల చిక్కితే తప్పా?"

మనీష్ నోరు తెరిచేలోపే బంతి ఎగిరొచ్చి పసుపుల పడ్డది. ఎనకనే బాబురావు ఉరికొచ్చిండు.

"ఆగు సారూ! పసుపు మీదికి బూట్లతోనా?"

బాబురావు బుద్ధిగ బూట్లిప్పిండు. కాలికి తగిలిన కొమ్మును కండ్లకద్దుకున్నడు. నాలుగు దెబ్బలు కొడితే గానీ బంతి బయటికి రాలే. వచ్చిన బంతి పచ్చగుంది.

బాబురావు పడి పడి నవ్విండు. "మనీషూ, గిసొంటి ఆట దుబాయిల గూడ లేదు! ఇసుక తీపియ్యి. పసుపే ఉండాలె."

మనీష్ మైదానం పటంల "ఇసుక" కొట్టేసి "పసుపు" అని రాసిండు.

"ఎండినంక నేను ఆర్మూర్ మార్కెట్‌కు ఏసుకపోత," అన్నది లసుమవ్వ.

"మరి గప్పుడెట్లవ్వా?" మనీష్ గొంతుల కోపం పోయి బుగులు వచ్చింది.

"ఫికర్ జెయ్యకు బిడ్డా. మక్కజొన్నలు పోస్త."