కువి మాట

ఆ కాలంలో టీచర్లు ఊరు కదలకుండానే దేశాలు మారేవారు. ఇక్కడ కుర్చీలో కూర్చుంటే, అక్కడి బడిలో వారి మరబొమ్మ పాఠం చెప్పేది. అరకు కొండల్లోని వరాలమ్మ టీచరు అలా ఏడాదిపాటు నార్వే పిల్లలకు లెక్కలు చెప్పింది. బదులుగా ఆమె తరగతికి నార్వే టీచరు ఇన్‌గ్రిడ్ మరబొమ్మలో వచ్చింది.

ఏడాది తర్వాత వరాలమ్మ తన తరగతిలోకి అడుగుపెట్టేసరికి, అంతకుముందు మూడేళ్లూ తన దగ్గర నోరు విప్పని చిలకమ్మ గలగలా కథ చెబుతోంది, తన కువి భాషలో.

“నాతో ఒక్కనాడూ మాట్లాడలేదేమే?”

“మీకు మా మాట రాదు కద టీచర్.”

“ఆ ఇన్‌గ్రిడ్‌కి మాత్రం వచ్చా? మరబొమ్మే తర్జుమా చేసుంటాది.”

“అది ఆపేసి, నన్నే నేర్పమన్నారు.”

వరాలమ్మ తల దించుకుంది. “నాకూ నేర్పుతావా?”

“నాకు అయిదో క్లాసు అయిపోయింది టీచర్. రేపే పాడేరు హాస్టల్‌కి ఎల్లిపోతన్నాను.”

మర్నాడు బస్సెక్కే ముందు చిలకమ్మ, నీళ్లను కువిలో ఏమంటారో చెప్పింది. బస్సు వెళ్లాక వరాలమ్మ ఆ మాటను నాలుగుసార్లు పలికింది. సరిదిద్దడానికి చిలకమ్మ లేదు.