పన్నెండో పేరు

సార్,

మన బాస్కెట్‌బాల్ జట్టు జాబితా పన్నెండున కరీంనగర్ పోతుందన్నారు. అందుకే ఈరోజే రాస్తున్నాను.

బాస్కెట్లు వేయదని, ఊరికే కింద పడుతుందని మీరు యుమ్నాను పక్కన పెట్టారు. "పడుడు గూడ ఆటేనా, బిడ్డా?" అని అందరి ముందు అడిగారు. "నన్ను పడగొట్టినోళ్లే ఐదు ఫౌల్స్ అయి బయటికి పోతున్నరు గద సార్," అంది ఆమె.

స్కోరు పుస్తకం మళ్లీ చూశాను. తొమ్మిది మ్యాచుల్లో ఆమె మీద నలభై ఒక్క ఫౌల్స్ జరిగాయి. వాటికి దక్కిన ఫ్రీ త్రోలతో ముప్పై ఎనిమిది పాయింట్లు తెచ్చింది. అవి లేకపోతే మనం గెలిచిన ఐదింట్లో మూడు ఓడిపోయేవాళ్లం.

నావి మొత్తం పదిహేడు పాయింట్లు. జాబితాలో పన్నెండో పేరు నాది. అది కొట్టేసి ఆమె పేరు రాయండి.

మా బాపుకు చదువు రాదు. నోటీసు బోర్డులో నా పేరు ఏదని అడిగితే, ఆయన వేలు పట్టి దానిమీద పెట్టాను. కొత్త కాగితం అంటించకముందే ఆయనకు చెప్పాలి. పదో తారీఖులోగా జవాబివ్వండి.

రోజారాణి, నస్పూర్