తగువులు తీసేసిన కథ

ఆ రోజుల్లో ప్రతి వంటింటి గోడకూ ఒక కథలపెట్టె ఉండేది. కూరగాయలు తరిగేంతసేపూ అడిగిన కథ అల్లి చెప్పేది. పుష్పవల్లి కొడుకు తన్మయ్ ఎప్పుడూ ఒకే రకం అడిగేవాడు: ఇద్దరు మగవాళ్లు బద్ధశత్రువులుగా మొదలై చివరికి ప్రేమించుకోవాలి. ప్రేమతో ఆమెకు పేచీ లేదు. తన్మయ్‌కి తోడు యోహానేనని ఏనాడో ఒప్పుకుంది. ఆ కథల్లోని గొడవలు వింటేనే ఆమెకు భయం. పైగా పొద్దున్నే యోహాన్ తన్మయ్‌తో పోట్లాడి వెళ్లిపోయాడు. ఇక తిరిగి రాడేమోనని ఆమె బెంగ.

"నాయనా, మావాడు అడిగే ఆ పడవ నడిపే సరంగులిద్దరి కథే చెప్పు. తగువులు మాత్రం తీసెయ్," అంది పెట్టెతో.

సరంగులు రేవులో కలిశారు, ఒకరికొకరు నచ్చారు, హాయిగా బతికారు. రెండు చామదుంపలు చెక్కు తీసేలోపే కథ అయిపోయింది.

"ఇదేంట్రా, ఇంతేనా? ఏమీ అనిపించలేదు!" అంది పక్కనే ఉన్న కొడుకుతో.

తన్మయ్ నవ్వాడు. "నువ్వు ఎప్పుడు ఏ చెడు ముంచుకొస్తుందోనని వణికిపోతావ్ కదా. ఆ కథల్లో చెడంతా ముందే బయటపడిపోద్దమ్మా. వీడి కోపం, వాడి పొగరు అన్నీ చూశాకే మనసిస్తారు. ఇంక భయపడ్డానికేం మిగుల్తది?"

అంతలో తలుపు తోసుకుని యోహాన్ వచ్చాడు. "చూడండాంటీ, నన్నడక్కుండా నా గిటారు పక్కింటోళ్లకిచ్చేశాడు!"

"నువ్వు వాయిస్తే ఇంట్లో ఎవడుంటాడ్రా?" అన్నాడు తన్మయ్.

మామూలుగా అయితే పుష్పవల్లి పరుగున మధ్యలోకి దూరేది. ఈసారి స్టవ్ తగ్గించి, పీట లాక్కుని కూర్చుంది.

"కానివ్వండి. మొత్తం వింటాను," అంది.