వంటింటి వెంట వచ్చినావిడ

అలమర తలుపు ఊడి రూత్ చేతిలోకి వచ్చేసింది.

వెనకాలే పప్పుల డబ్బాలు దబదబా కింద పడ్డాయి. చూస్తే ఏముంది, చెక్కంతా చెదలు! పొయ్యి గట్టు కూడా బీటలు వారి, ఇవాళో రేపో అన్నట్టుంది.

తిరువూరు బజారులో కొత్త వంటింటి సామాను ధర అడిగిన రూత్, ఎంత వేగంగా షాపులోకి వెళ్ళిందో అంత వేగంగా బయటికొచ్చింది. అది కొనాలంటే ఇల్లు అమ్ముకోవాలి. ఇల్లే లేకపోతే ఇక వంటిల్లెక్కడ!

కానీ కలలకి ధరేముంది? మిషన్ మీద జాకెట్లు కుడుతూనే రూత్ రోజూ తన కొత్త వంటింట్లో తిరిగొచ్చేది. వరసగా అలమరలు. నున్నటి గట్టు. కిటికీలోంచి ఎండ. వచ్చినవాళ్ళంతా లోపలికొచ్చి, హాయిగా కూర్చుని తింటున్నట్టు...

ఆ చివరి ముక్కే ఆమెకి ముఖ్యం.

చిన్నప్పుడు అమ్మ హన్నమ్మ వెంట కూలికి వెళ్తే, రైతుల ఇళ్ళలో పెరటి మెట్ల మీదే అన్నం పెట్టేవాళ్ళు. లోపల్నుంచి పోపు వాసన వచ్చేది గానీ, ఆ వంటిల్లు ఎలా ఉంటుందో చూసే యోగం ఉండేది కాదు. నా ఇంట్లో మాత్రం ఎవర్నీ మెట్ల మీద కూర్చోబెట్టను అని అప్పుడే ఒట్టు పెట్టుకుంది.

ఓ రోజు వడ్రంగి జోజప్ప మంచి కబురు తెచ్చాడు.

"విస్సన్నపేట దగ్గర పెద్ద ఇల్లొకటి రోడ్డు కింద పోతోంది రూతమ్మా. వంటింటి అలమరలన్నీ టేకువి. చవగ్గా ఇచ్చేస్తారంట. తెచ్చి బిగించమంటావా?"

"ఇంకా అడుగుతావేంటి బాబాయ్, తెచ్చెయ్!"

మర్నాడు పొద్దున్నే ట్రాలీ ఆటో గుమ్మం ముందాగింది. జోజప్ప దిగాడు. అతని వెనకే, అలమరల మధ్యలోంచి ఓ ముసలావిడ దిగింది. వెలిసిపోయిన నేత చీర, చీరంతా దుమ్ము.

కూలిమనిషిని తెచ్చుకున్నాడు కాబోలు అనుకుంది రూత్.

"మామ్మా, ఆ తలుపు కాస్త ఇటు పట్టు. జాగ్రత్త!"

ఆవిడ మారుమాట్లాడకుండా పట్టింది. అరలన్నీ తుడిచింది. తుడిచిన అరే మళ్ళీ తుడిచింది. సొరుగు లాగి, మెల్లగా మూసి, మళ్ళీ లాగింది.

అందులోంచి ఎప్పటివో ఇంగువ, ఆవకాయ వాసనలు వచ్చి గదంతా కమ్ముకున్నాయి. పక్కనే కొడుతున్న జోజప్ప సుత్తి చప్పుడు కూడా ఎక్కడో దూరంగా వినిపిస్తున్నట్టుంది రూత్‌కి. కలగానీ కంటున్నానా ఏంటి అనుకుంది.

"ఇది కిటికీ పక్కన పెట్టించు తల్లీ," అంది ముసలావిడ. "పొద్దుటెండ దీని మీద పడితే ఎంత బాగుంటుందో!"

"అబ్బో! నీకూ కలలు బానే వస్తాయే మామ్మా," అని నవ్వింది రూత్. అయినా అలమర అక్కడే పెట్టించింది. ఎండ నిజంగానే వచ్చి టేకు మీద మెరిసింది. ఇద్దరూ కాసేపు దాన్నే చూస్తూ నిలబడిపోయారు.

"మొదట ఏం వండుతావు తల్లీ?"

"మామిడికాయ పప్పు."

"నాకూ ఓ ముద్ద పెట్టు. తినేసి పోతా."

"అదెంత భాగ్యం! పెడతాగా."

తలుపులకి మడతబందులు తక్కువయ్యాయని జోజప్ప బజారుకెళ్ళాడు. రూత్ ప్రార్థన చేసుకుని పొయ్యి వెలిగించింది. పప్పు ఉడుకుతుంటే ఆమెకి సంతోషంతో కళ్ళు చెమర్చాయి. నేల తళతళలాడేలా తుడిచింది. ఫోటో తీసి చెల్లెలికి పంపాలని ముచ్చట.

అంతలో ముసలావిడ లోపలికొచ్చి గోడవారగా కూర్చోబోయింది.

"అయ్యయ్యో, ఆగాగు! ఇప్పుడే తుడిచాను. నీ చీరంతా దుమ్ము. బయట మెట్టు మీద కూర్చో మామ్మా, అక్కడికే తెస్తా."

ఆవిడ ఒక్క క్షణం ఆగింది. తర్వాత చిన్నగా నవ్వి, వెళ్ళి మెట్టు మీద కూర్చుంది. కళ్ళు మూసుకుని, మెల్లగా తింది. పళ్ళెం తనే కడిగి బోర్లించింది.

"కమ్మగా ఉంది తల్లీ. నీ చెయ్యి మంచిది. ఈ వంటిల్లు నీకు అచ్చొస్తుంది."

వెళ్ళిపోతున్న ఆవిణ్ణి చూస్తుంటే రూత్‌కి మనసులో ఎక్కడో చివుక్కుమంది. ఎందుకో ఆలోచించేలోగా ఫోన్ మోగింది.

జోజప్ప వస్తూనే అడిగాడు. "అమ్మగారేరీ?"

"ఏ అమ్మగారు? ఆ కూలి మామ్మా? తినేసి వెళ్ళింది. పాపం, కూలి కూడా అడగలేదు. నువ్వు ఇచ్చెయ్ బాబాయ్."

జోజప్ప మడతబందుల పొట్లం గట్టు మీద పెట్టేశాడు.

"కూలి ఏంటి రూతమ్మా! ఆవిడ మాణిక్యమ్మగారు. ఈ వంటిల్లు ఆవిడదే. తెలిస్తే నువ్వు మొహమాటపడతావని, చెప్పొద్దన్నారు. పిల్లాజెల్లా లేరు. ఇక నెమలి ఊళ్ళో గుడి దగ్గర గదిలో ఉంటారంట. ఇందులో ఇంకొకరు వండింది ఒక్కసారి తిని వెళ్తానంటే నాతో తీసుకొచ్చా."

రూత్‌కి తల కొట్టేసినట్టయింది. చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు మీదికి పరుగెత్తింది.

నెమలి బస్సు అప్పుడే మలుపు తిరిగింది. అది లేపిన దుమ్ము ఎండలో నెమ్మదిగా కిందికి దిగుతోంది.

"ఆవిణ్ణి బయట కూర్చోబెట్టాను బాబాయ్," అంది, వెనకే వచ్చిన జోజప్పతో. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

జోజప్ప బస్సు వెళ్ళిన మలుపు వైపు చూశాడు.

"మా అమ్మానాన్నా మాణిక్యమ్మగారి పొలంలోనే పనిచేసేవాళ్ళమ్మా," అన్నాడు. "చుట్టాలంతా ఇంటికి రావడం మానేసినా సరే, కూలికొచ్చిన మమ్మల్నందర్నీ ఆ వంటింట్లోనే తన పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెట్టిన మహాతల్లి ఆవిడ."